వేరే రాష్ట్రంలో వసంతపు టర్కీ వేట: ఐదు రోజులకు ఒక్క కొండవరుస చాలు

ప్రశ్న: డాలస్ దగ్గర ఉంటున్నాను. రెండేళ్ళుగా ప్రతి వసంతంలోనూ మా సహోద్యోగి కుటుంబానికి చెందిన టెక్సస్ రాంచ్‌లో అడవి టర్కీ కోళ్ళ వేటకు వెళ్తున్నాను. రియో గ్రాండే అనే రకం పుంజును ఒకదానిని కొట్టాను. వచ్చే వసంతంలో, తోక చివర తెల్లగా ఉండే మెరియమ్స్ అనే ఇంకో రకం పుంజు కోసం ఉత్తరానికి వెళ్ళాలని ఉంది. ఐదు రోజుల సెలవు దొరుకుతుంది. నెబ్రాస్కా, సౌత్ డకోటా, వయోమింగ్ ఒకదాని పక్కన ఒకటి ఉన్నాయి కనుక మూడింటినీ చుట్టి రావచ్చునా? మా బావమరిది తోడు వస్తానంటున్నాడు. అతడు హెచ్‌-1బి మీద ఉన్నాడు, ఇంతవరకు ఎన్నడూ వేటాడలేదు. నా రెండో తుపాకీ అతనికి ఇవ్వవచ్చునా? ఏప్రిల్ మంచిదా, మే మంచిదా? కారులో వెళ్ళడం మేలా, విమానంలోనా?

సమాధానం: మీరు నడుమ అడిగిన బావమరిది సంగతిని ముందుకు తెస్తున్నాను. మిగిలిన విషయాల్లో పొరపాటు జరిగితే ఒక వసంతపు వేట చెడుతుంది. ఈ విషయంలో జరిగితే అతడు ఈ దేశంలో కట్టుకున్న జీవితమే చెదిరిపోతుంది. అమెరికా సమాఖ్య చట్టాల 18వ టైటిల్‌లోని 922వ సెక్షన్ ప్రకారం, హెచ్‌-1బి వంటి తాత్కాలిక వీసా మీద ఉన్నవారు తుపాకీని గాని తూటాలను గాని తమ దగ్గర ఉంచుకోరాదు. కొనడం మాత్రమే నేరమని, ఇంకొకరిది అడిగి చేతపట్టుకుంటే తప్పులేదని మనవాళ్ళలో చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు. షూటింగ్ రేంజిలో మీ పక్కన నిలబడి, మీ తుపాకీని మీ అనుమతితోనే కాసేపు పట్టుకున్నా, అది ఆ సెక్షన్ పరిధిలోకి వస్తుంది. నేరం రుజువైతే జైలు శిక్షతో ఆగదు. తుపాకీకి సంబంధించిన నేరం దేశం నుండి పంపివేయడానికి ఇమ్మిగ్రేషన్ చట్టంలో విడిగా చెప్పిన కారణాలలో ఒకటి.

అయితే అదే సెక్షన్ కొన్ని మినహాయింపులు కూడా ఇచ్చింది. అమెరికాలో చట్టబద్ధంగా జారీ అయి, గడువు తీరకుండా ఉన్న వేట లైసెన్సు గాని పర్మిట్ గాని కలిగినవారికి ఆ నిషేధం వర్తించదన్నది వాటిలో మీకు పనికివచ్చేది. కనుక మీ బావమరిది ముందుగా టెక్సస్ హంటర్ ఎడ్యుకేషన్ (వేటగాళ్ళ శిక్షణ) పూర్తిచేయాలి. 1971 సెప్టెంబరు 2న గాని ఆ తరువాత గాని పుట్టినవారికి ఆ రాష్ట్రంలో అది తప్పనిసరి, 17 ఏళ్ళు నిండినవారు దానిని మొత్తం ఆన్‌లైన్‌లోనే ముగించవచ్చు. ఆ తరువాత అతని పేరిట టెక్సస్ వేట లైసెన్సు తీసుకోవాలి. ఆ లైసెన్సు చేతికి వచ్చాకే, అంతకు ఒక్క రోజు ముందు కూడా కాదు, అతడు తుపాకీని తాకాలి. టెక్సస్ లైసెన్సు ఏ నెలలో కొన్నా ఆగస్టు 31తో ముగుస్తుంది. సెప్టెంబరులో దానిని మరల తీసుకోకుండా, వేట కాలం కాదు కదా అని రేంజికి వెళ్తే మినహాయింపు పోయి నిషేధం తిరిగి వర్తిస్తుంది. ఈ తేదీని అతని క్యాలెండరులో మీరే రాయించండి. ప్రయాణంలో లైసెన్సుతో పాటు పాస్‌పోర్టు, ఐ-94 (దేశంలోకి వచ్చిన రికార్డు), ఐ-797 (వీసా హోదా ఆమోద పత్రం) ప్రతులు వెంట ఉంచుకోమనండి. ఇంత చెప్పినా, అతని ఫైలును చూస్తున్న ఇమ్మిగ్రేషన్ న్యాయవాదిని ఒకసారి అడిగి, జవాబును ఈమెయిల్‌లో తీసుకోవడం మంచిది. గ్రీన్ కార్డు ఉన్నవారికి ఈ నిషేధం లేదు. మీ సంగతి మీరు రాయలేదు కనుక, మీరూ తాత్కాలిక వీసా మీదే ఉంటే పై మాటలన్నీ మీకూ వర్తిస్తాయని గుర్తుంచుకోండి.

ఇక మూడు రాష్ట్రాల ఆలోచన. దానిని విరమించుకోమని గట్టిగా చెబుతున్నాను. పటంలో ఆ మూడూ ఒకదానికొకటి ఆనుకుని ఉన్నమాట నిజమే కాని, ప్రతి రాష్ట్రానికీ వేరే పర్మిట్, వేరే తేదీలు, వేరే నిబంధనల పుస్తకం ఉంటాయి. ఖర్చు మూడింతలవుతుందన్నది చిన్న విషయం. టర్కీ వేటలో అసలు మూలధనం ఉదయాలు. ఐదు రోజుల సెలవులో, రాకపోకలు పోగా, మీకు మిగిలేవి మూడు ఉదయాలు, శని ఆదివారాలను కలుపుకుంటే ఐదు. కొత్త నేలలో పుంజులు రాత్రి ఏ చెట్ల మీద వాలుతున్నాయో, తెల్లవారాక ఏ వైపు దిగి నడుస్తున్నాయో తెలుసుకోవడానికే రెండు ఉదయాలు పడతాయి. మూడవ ఉదయం నుండి మీరు నిజంగా వేటాడడం మొదలవుతుంది. సరిగ్గా ఆ సమయానికి సామాను సర్దుకుని ఇంకో రాష్ట్రానికి బయలుదేరితే, తెలుసుకున్నదంతా వెనుక వదిలి మళ్ళీ మొదటి మెట్టు దగ్గర నిలబడినట్టే. నేను మొదటిసారి ఉత్తరానికి వెళ్ళినప్పుడు నాలుగు రోజుల్లో రెండు రాష్ట్రాలు పెట్టుకున్నాను. కొండల్లో పుంజులు అరిచే వేళకు రెండుసార్లు నేను హైవే మీద ఉన్నాను. ఆ బాధ ఇప్పటికీ పోలేదు.

ఒక్క చోటే ఎంచుకోమంటే నా మాట నెబ్రాస్కా వాయవ్య మూలనున్న పైన్ రిడ్జ్. హారిసన్, క్రాఫర్డ్, చాడ్రన్ అనే చిన్న పట్టణాల వెంట సాగే కొండవరుస అది. పైన పాండరోసా పైన్ చెట్లు, మధ్యమధ్య తెల్లని మట్టి గట్లు, లోయల్లో వాగులు, వాగుల పక్కన పశువుల మేత భూములు. మెరియమ్స్ పుంజుకు కావలసినవన్నీ ఒక్క చూపుమేరలో ఉంటాయి. నెబ్రాస్కా వన్యప్రాణి శాఖ 1959లో ఇక్కడ 28 మెరియమ్స్ పక్షులను వదిలింది. ఈనాడు ఆ కొండల్లో వినిపించే అరుపులకు మూలం ఆ గుంపే. నెబ్రాస్కా నేషనల్ ఫారెస్ట్‌కు చెందిన పైన్ రిడ్జ్ విభాగం, క్రాఫర్డ్ దగ్గరి పాండరోసా, చాడ్రన్ వైపు బోర్డో క్రీక్, హారిసన్ దగ్గర గిల్బర్ట్-బేకర్ వంటి రాష్ట్ర వన్యప్రాణి క్షేత్రాలు ప్రజలందరికీ తెరిచి ఉంటాయి. వీటికి తోడు, సొంత భూముల యజమానులకు ప్రతిఫలం ఇచ్చి వేటగాళ్ళను నడిచి వెళ్ళనిచ్చే ‘ఓపెన్ ఫీల్డ్స్ అండ్ వాటర్స్’ పథకం కింద కొన్ని భూములు ఉంటాయి. ఇవన్నీ ఆ రాష్ట్రం ప్రచురించే పబ్లిక్ యాక్సెస్ అట్లాస్‌లో రంగులతో గుర్తించి ఉంటాయి. టెక్సస్‌లో నేల దాదాపు అంతా సొంతదారులదే కనుక, ఎవరి గేటూ తెరవకుండా కొండెక్కి వేటాడగలగడం మీకు కొత్త అనుభవం అవుతుంది.

పేరు విషయంలో ఒక హెచ్చరిక. సరిహద్దుకు ఆవల, సౌత్ డకోటాలో, ఓగ్లాలా లకోటా ప్రజల పైన్ రిడ్జ్ రిజర్వేషన్ ఉంది. అది వారి సొంత పాలనలో ఉన్న నేల. నెబ్రాస్కా పర్మిట్ గాని సౌత్ డకోటా పర్మిట్ గాని దాని లోపల మీకు హక్కు ఇవ్వవు. ఫోనులో ‘పైన్ రిడ్జ్’ అని వెతికి మ్యాపు చూపిన దారిన పోయేవారు ముందుగా తాము ఏ పైన్ రిడ్జ్‌కు వెళ్తున్నారో చూసుకోవాలి.

పర్మిట్ల సంగతికి వస్తే, ఇక్కడే చాలామంది ప్రయాణాలు మొదలు కాకుండానే ఆగిపోతున్నాయి. టర్కీ వేటకు ఎప్పుడైనా వెళ్ళి కౌంటర్లో పర్మిట్ కొనుక్కోవచ్చన్న పాత అలవాటు నెబ్రాస్కాలో ఇక చెల్లదు. పక్షుల సంఖ్య తగ్గడంతో 2023 వసంతం నుండి బయటి రాష్ట్రాల వారికి మొత్తం 10,000 పర్మిట్లని పరిమితి పెట్టారు, ఒక్కొక్కరు తీసుకోగల పర్మిట్లను మూడు నుండి రెండుకు తగ్గించారు. అమ్మకం జనవరిలో మొదలవుతుంది. కనుక మీ ప్రణాళికకు అసలు తొలి తేదీ ఏప్రిల్‌లో లేదు, జనవరిలో ఉంది. డిసెంబరులోనే మీ ఇద్దరి పేర్ల మీద ఆ శాఖ వెబ్‌సైటులో ఖాతాలు తెరిచి, హంటర్ ఎడ్యుకేషన్ నంబర్లు సిద్ధంగా ఉంచుకుని, ఆఫీసులో సెలవు మాట ఖాయం చేసుకుని, అమ్మకం తెరిచిన రోజునే చెరొక పర్మిట్ కొనండి. పర్మిట్‌తో పాటు హాబిటాట్ స్టాంప్ (వన్యప్రాణుల ఆవాసాల కోసం కట్టే రుసుము) కూడా తీసుకోవాలి. ఆ సంవత్సరపు టర్కీ గైడును దించుకుని మొదటి పుట నుండి చివరి దాకా చదవండి. ఏ సైజు గుళ్ళు వాడవచ్చు, ఏ క్షేత్రంలో ఏ పరిమితి ఉంది, పక్షిని కొట్టాక ఎంతలోగా ఎలా నమోదు చేయాలి అన్నవి ఏటేటా మారవచ్చు. స్నేహితులు చెప్పినదానికంటే ఆ ఏటి గైడులో ఉన్నదే ప్రమాణం. ఇద్దరూ కొత్త నేలకు పోతున్నారు కనుక రెండేసి పర్మిట్లు కొనవద్దు. ఒక్కొక్క పుంజు దొరికితే అది ఎంతో మంచి వేట.

ఈ పరిమితిని కొందరు చిరాకుగా చూస్తారు. వారితో నేను ఏకీభవించను. ఇరవయ్యో శతాబ్దపు తొలి దశాబ్దాల్లో అడవుల నరికివేత, అదుపులేని వేట కలిసి ఈ పక్షిని అనేక రాష్ట్రాల్లో పూర్తిగా తుడిచిపెట్టాయి. తిరిగి నిలబెట్టింది వేటగాళ్ళు కట్టిన డబ్బే. తుపాకుల మీద, తూటాల మీద పన్నును వన్యప్రాణి శాఖలకు మళ్ళించిన పిట్‌మన్-రాబర్ట్‌సన్ చట్టం 1937లో వచ్చింది. ఫారాల్లో పెంచి వదిలిన టర్కీలు అడవిలో బతకలేదు. అడవిలోనే పుట్టి పెరిగిన పక్షులను వలలు విసిరి పట్టి, ఖాళీ అయిన చోట్లకు తరలించాకే అవి నిలదొక్కుకున్నాయి. నేషనల్ వైల్డ్ టర్కీ ఫెడరేషన్ 1973లో ఏర్పడి ఆ పనికి అండగా నిలిచింది. ఇప్పుడు పలు రాష్ట్రాల్లో సంఖ్య మళ్ళీ తగ్గుతున్న సమయంలో, పర్మిట్ దొరకని ఏడాది ఇంటి దగ్గరే ఉండడం కూడా వేటగాడి బాధ్యతలో భాగమే అనుకుంటాను. జనవరిలో మీకు పర్మిట్ అందకపోతే వేరే రాష్ట్రానికి హడావుడిగా పరుగెత్తకుండా, ఆ వసంతం టెక్సస్‌లోనే మీ బావమరిదికి పని నేర్పండి.

ఏప్రిల్‌లోనా మేలోనా అన్నదానికి నా జవాబు మే మొదటి వారం. నెబ్రాస్కాలో షాట్‌గన్ (గుళ్ళ తుపాకీ) వేట కాలం సాధారణంగా ఏప్రిల్ మధ్యలో మొదలై మే 31 వరకు సాగుతుంది. టెక్సస్‌లో ఏప్రిల్ అంటే వసంతం ముదిరిపోయిన కాలం. పైన్ రిడ్జ్‌లో ఏప్రిల్ అంటే మంచు తుఫాను రావచ్చునన్న భయం ఇంకా తీరని కాలం. పైగా ఏప్రిల్ మధ్యలో పక్షులు చలికాలపు గుంపులు వీడకుండా, లోయల్లో రాంచ్‌ల పశువుల మేత దగ్గరే ముప్పై, నలభై ఒక్కచోట తిరుగుతుంటాయి. అవన్నీ సొంత భూముల్లో ఉంటాయి, కొండ మీది ప్రభుత్వ అడవిలో మీరు రోజంతా తిరిగినా ఒక్క అరుపు వినిపించకపోవచ్చు. మే వచ్చేసరికి గుంపులు విడి, పెట్టలు గుడ్లు పెట్టడానికి కొండల్లోకి చేరతాయి, పుంజులు వాటి వెంట వస్తాయి. పెట్ట సుమారు పది, పన్నెండు గుడ్లు పెట్టి 28 రోజులు పొదుగుతుంది. పొదగడం మొదలైన పెట్టలు పుంజులను వదిలి గూటికి అతుక్కుపోతాయి కనుక, ఉదయం తొమ్మిది దాటాక ఒంటరి పుంజు, పెట్ట కూతను అనుకరించే మీ పిలుపుకు ఎంతో దూరం నుండి నడిచి వస్తుంది. తెల్లవారుజామున ఏమీ కాలేదని ఎనిమిది గంటలకు టిఫినుకు ఊళ్ళోకి పోయేవారు ఈ సమయాన్నే పోగొట్టుకుంటారు. డబ్బాలో పులిహోర కట్టుకుని అడవిలోనే ఉండండి.

మీరు వేటాడిన రియో గ్రాండే పుంజుకూ దీనికీ నడతలో తేడా ఉంది. మెరియమ్స్ పక్షులు రోజులో ఎక్కువ దూరం తిరుగుతాయి. ఉదయం చెట్టు దిగిన గుంపు గంటలో రెండు గట్లు దాటి పోవచ్చు. కనుక మొదటి సాయంత్రం తుపాకీ కారులోనే ఉంచి, సూర్యాస్తమయానికి గంట ముందు ఎత్తయిన గట్టెక్కి చెవులప్పగించి కూర్చోండి. పక్షులు చెట్లెక్కే వేళ రెక్కల చప్పుడు దూరానికి వినిపిస్తుంది, పుంజు పైనుండి ఒకటి రెండుసార్లు అరుస్తుంది. గుడ్లగూబ కూత గాని కాకి కూత గాని అనుకరిస్తే, ఉలికిపడి జవాబిచ్చినట్టు అరిచే అలవాటు కూడా పుంజుకు ఉంది. అలా చోటు తెలిసిన చెట్టుకు మరునాడు చీకటిలోనే వంద గజాలకు పైగా దూరంలో, వీలైతే దానికి సమంగా గాని కొంచెం ఎగువన గాని ఉన్న చోట కూర్చోవాలి. ఈ పక్షి వాలుకు కిందికి దిగి రావడం కంటే ఎగువకు నడిచి రావడానికే ఎక్కువ ఇష్టపడుతుందని నా అనుభవం. ఆ ప్రాంతం మౌంటెన్ కాలమానంలో ఉంటుంది, డాలస్‌కు ఒక గంట వెనుక. మే తొలి వారంలో అక్కడ సూర్యోదయం ఐదుముప్పావు ప్రాంతంలో అవుతుంది, వేట దానికి అరగంట ముందు నుండి చట్టబద్ధం. మీరు నాలుగున్నరకే కొండ మొదట్లో ఉండాలి.

2012లో ఆ కొండలను పెద్ద మంటలు చుట్టేశాయి. కాలి నిలిచిపోయిన పైన్ మోళ్ళు కొన్ని చోట్ల నేటికీ కనిపిస్తాయి. గాలి వీచే రోజున వాటి కింద నడవవద్దు, వాటికి ఆనుకుని కూర్చోవద్దు. ఆ కాలానికి అక్కడి రాటిల్‌స్నేక్‌లు కూడా ఎండ కోసం బయటికి వస్తాయి కనుక రాళ్ళ గట్ల మీద చేయి పెట్టే ముందు చూసుకోండి. లోయల్లో ఫోను సిగ్నల్ అందదు. ఆన్‌ఎక్స్ వంటి యాప్‌లో ఆ ప్రాంతపు పటాన్ని భూమి హద్దులతో సహా ఇంటి దగ్గరే ఫోనులోకి దించుకోండి. ప్రభుత్వ అడవికీ రాంచ్‌కూ మధ్య కంచె ఉండాలన్న నియమం లేదు, కంచె ఉన్నచోటల్లా అదే హద్దు అన్న నమ్మకమూ లేదు. నెబ్రాస్కాలో బోర్డు లేకపోయినా సొంత భూమిలో వేటకు యజమాని అనుమతి తప్పనిసరి. అనుమతి అడగాలనుకుంటే సాయంత్రం పశువుల పని ముగిసే వేళకు, వేట దుస్తులు మార్చుకుని, ఇద్దరూ కలిసి తలుపు తట్టి, మీ పేరు, ఊరు, కారు నంబరు కాగితం మీద రాసి ఇవ్వండి. మనం పరాయివాళ్ళమని వెనుకాడవద్దు. మర్యాదగా అడిగినవారికి ఆ రాంచ్‌ల వాళ్ళు కాఫీ పోసి మాట్లాడిన రోజులు నాకు తెలుసు. కాదంటే ధన్యవాదాలు చెప్పి వెనుదిరగండి.

ఇప్పుడు, ఈ జవాబులో అన్నిటికంటే నెమ్మదిగా చదవమని కోరే భాగం. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంతో మన దేశంలో వేట ముగిసిపోయింది కనుక, మనలో ఎక్కువమందికి తండ్రి వెంట తుపాకీతో అడవిలో నడిచిన బాల్యం లేదు. ఇక్కడివారు పదేళ్ళప్పుడే వంటబట్టించుకున్న జాగ్రత్తలను మనం ముప్పై దాటాక పుస్తకంలో చదివి నేర్చుకుంటాం. అందులోనూ టర్కీ వేట ప్రత్యేకమైన ప్రమాదం ఉన్నది: ఒళ్ళంతా ఆకుల రంగు బట్టలు కప్పుకుని, పక్షి గొంతును అనుకరిస్తూ, దాని బొమ్మను ముందు పెట్టుకుని కూర్చుంటాం. అదే గొంతు విని, అదే బొమ్మ చూసి, ఇంకొక వేటగాడు తుపాకీ ఎత్తుకుని రావచ్చు. వసంతంలో పుంజు తల ఎరుపు, తెలుపు, నీలం రంగుల్లో మెరుస్తుంది కనుక ఆ మూడు రంగులూ మీ ఒంటి మీద ఎక్కడా కనిపించకూడదు. లోపలి బనియను, మేజోళ్ళు, జేబు రుమాలు, చివరికి చేతికి కట్టుకున్న ఎర్ర దారం కూడా తీసి ఇంట్లో పెట్టండి. భుజాల కంటే వెడల్పయిన చెట్టుకు వీపు ఆనించి కూర్చోవాలి. దూరంగా పెట్ట కూత గాని పుంజు అరుపు గాని వినిపిస్తే దాని వైపు పాకుతూ పోవడం టర్కీ వేటలో చేయరాని పనులన్నిటిలో మొదటిది. కదలకుండా కూర్చుని దానినే పిలవాలి. ఇంకొక మనిషి మీ వైపు వస్తున్నట్టు కనిపిస్తే చేయి ఊపవద్దు, టర్కీ కూత కూయవద్దు. కదలకుండా ఉండి గట్టిగా, స్పష్టంగా మనిషి మాట పలకండి. చోటు మారేటప్పుడు, చనిపోయిన పక్షిని మోసుకు వచ్చేటప్పుడు నారింజ రంగు టోపీ, నారింజ గుడ్డ వాడండి. మన ఊళ్ళలో పిట్టల వేటకు ఎరగా వాడిన దీమం వంటిదే ముందు పెట్టుకునే ఆ పక్షి బొమ్మ, దానిని ఇక్కడ డికాయ్ అంటారు. దానిని మోసుకుపోయేటప్పుడు సంచిలో పూర్తిగా కప్పండి, మీ ముందు పరిచాక దాని వెనుక దూరం దాకా మీకు చూపు ఆనేలా కూర్చోండి.

మీ ఇద్దరి విషయానికి వస్తే, ఈ ప్రయాణంలో వేర్వేరు చెట్ల కింద వేర్వేరుగా కూర్చోవద్దని నా సలహా. ఒకే చెట్టుకు భుజం భుజం కలిపి కూర్చుని, ఆ ఉదయానికి ఒక్క తుపాకీలోనే తూటాలు నింపండి. ఒకరు పిలవాలి, ఒకరు కాల్చాలి, మరునాడు మారాలి. రెండు తుపాకులు అడవిలో తిరిగినంత మాత్రాన రెండు పుంజులు దొరకవు. కొత్తవాడు నిశ్శబ్దంగా కూర్చోవడం, తల తిప్పకుండా కళ్ళతో చూడడం, పక్షి మెడ, తల స్పష్టంగా కనిపించేదాకా వేలును ట్రిగ్గర్ బయట ఉంచడం మీ పక్కన ఉండే నేర్చుకుంటాడు. పుంజు ఛాతీ మీద వెంట్రుకల కుచ్చులా వేలాడే గడ్డం కనిపించాకే కాల్చాలన్న నియమం పెట్టుకోండి.

తుపాకీ మీ టెక్సస్‌దే సరిపోతుంది. 12 గేజ్ గాని 20 గేజ్ గాని, టర్కీ చోక్ (గుళ్ళు చెదరకుండా దట్టంగా పడేలా గొట్టం చివర పెట్టేది) బిగించి, ఏ తూటా తీసుకుపోతారో అదే తూటాతో 40 గజాల దగ్గర కాగితం మీద కాల్చి, మెడ, తల ఉండే చోట గుళ్ళు ఎంత దట్టంగా పడ్డాయో లెక్కపెట్టండి. చాలినన్ని పడకపోతే మీ హద్దు 30 గజాలు. మీ బావమరిది కూడా ఈ పరీక్షను తానే చేయాలి, లైసెన్సు వచ్చిన తరువాతే చేయాలి.

కారులోనే వెళ్ళమంటాను. డాలస్ నుండి చాడ్రన్ తొమ్మిది వందల మైళ్ళ పైచిలుకు. ఇద్దరు మారి మారి నడిపితే, మధ్యలో ఒక రాత్రి ఆగి, రెండో రోజు సాయంత్రానికి గట్టెక్కి వినడానికి సమయం మిగిలేలా చేరుకోవచ్చు. శుక్రవారం పని ముగించుకుని బయలుదేరి, శని ఆదివారాలు రెండు వైపులా కలుపుకుంటే ఐదు ఉదయాలు చేతిలో ఉంటాయి. తుపాకీలో తూటా లేకుండా, తాళం వేసిన పెట్టెలో, చేతికి అందని చోట, తూటాలు వేరుగా పెట్టి తీసుకువెళ్ళండి. 1986 నాటి సమాఖ్య చట్టం దారిలోని రాష్ట్రాలు దాటడానికి రక్షణ ఇచ్చేది అలా పెట్టినప్పుడే. కారుకు విడిగా డిక్కీ లేకపోతే గ్లవ్ బాక్సు, సీట్ల మధ్య అర పనికిరావని ఆ చట్టమే చెబుతుంది. విమానం తప్పనిసరి అయితే సౌత్ డకోటాలోని ర్యాపిడ్ సిటీ దగ్గర. తుపాకీని తూటాలు లేకుండా గట్టి పెట్టెలో తాళం వేసి కౌంటర్ దగ్గర చెప్పి చెకిన్ లగేజీలోనే పంపాలి. కానీ తిరుగు ప్రయాణంలో మాంసం తెచ్చుకోవడం కష్టమవుతుంది, నాకు అదే ప్రధానమైన అభ్యంతరం.

ఎందుకంటే ఈ పక్షిని కొట్టి వదిలేయడం కుదరదు. పడిన వెంటనే పర్మిట్ మీద గైడు చెప్పినట్టు గుర్తించి, నమోదు చేసి, నీడకు తెచ్చి పేగులు తీసి చల్లబరచాలి. మే నెల మధ్యాహ్నపు ఎండ అక్కడ కూడా మాంసాన్ని పాడుచేస్తుంది. పెద్ద ఐస్ పెట్టె ఒకటి, దాని నిండా ఐసు చాడ్రన్‌లో దిగిన రోజునే కొనండి. మగపక్షి అని తెలిసేలా ఛాతీ మీది గడ్డాన్ని ఇంటికి చేరేదాకా మాంసం నుండి వేరు చేయకపోవడం, పర్మిట్ కాగితాన్ని దానితోనే ఉంచడం మంచి అలవాటు. ఒక రాష్ట్రపు నిబంధన తప్పి కొట్టిన పక్షిని రాష్ట్ర సరిహద్దు దాటిస్తే, 1900 నాటి లేసీ చట్టం కింద అది సమాఖ్య నేరమవుతుంది. మీ బావమరిది విషయంలో దాని బరువు ఏమిటో మళ్ళీ చెప్పనవసరం లేదు. ఇంటికి వచ్చాక రొమ్ము మాంసాన్ని పలుచని ముక్కలుగా కోసి తక్కువ సేపు వేయించండి. నడిచి నడిచి గట్టిపడిన కాళ్ళను మాత్రం వేపుడుకు పెట్టవద్దు, కుక్కరులో మెత్తగా ఉడికేదాకా ఉంచి గోంగూరలో వేయండి. కాళ్ళను పారవేసే వేటగాళ్ళను నేను చూశాను. అది నాకు ఎన్నడూ నచ్చలేదు.

మిగిలింది పిలుపు నేర్చుకోవడం. కొత్తవానికి బాక్స్ కాల్ (మూతను రాస్తే కూత పలికే చిన్న పెట్టె) సులువు, మీకు ఇప్పటికే స్లేట్ కాల్ (పుల్లతో రాసి పలికించే పలక) వచ్చి ఉంటుంది. నోటిలో పెట్టుకునే డయాఫ్రమ్ కాల్‌కు రెండు మూడు నెలల సాధన కావాలి కనుక దానిని ఇప్పుడే కొని, ఆఫీసుకు వెళ్ళే దారిలో కారు అద్దాలు మూసుకుని సాధన చేయండి. పెట్ట కూతల్లో మామూలు యెల్ప్, చిన్న క్లక్ అనే ఈ రెండూ శుభ్రంగా వస్తే చాలు. ఒకసారి పిలిచి పుంజు జవాబిచ్చిందంటే, మీరున్న చోటు దానికి తెలిసినట్టే. ఆ తరువాత ఎంత తక్కువ పిలిస్తే అంత దగ్గరకు వస్తుంది.